ఇంటి పాత క్యాసెట్లతో స్వీయకథ డాక్యుమెంటరీ: ఎక్కించడం, ఎడిటింగ్, హక్కులు

మొదటిరీలు:

అందరికీ నమస్కారం. 25 నిమిషాల డాక్యుమెంటరీ ఒకటి మొదలుపెట్టాను. ముగ్గురు ఆడపిల్లలున్న ఇల్లు, ఆ ఇంట్లో కెమెరా ఎప్పుడూ నాన్న చేతిలోనే ఉండటం: ఇదీ విషయం. నాన్నగారు ఇప్పుడు లేరు. చేతిలో ఉన్నవి: 1988–1999 మధ్య వీహెచ్ఎస్ క్యాసెట్లు 9 (అన్నీ ఈ-180, అంటే మూడు గంటలవి, వాటిలో రెండు పెళ్ళివి, స్టూడియోలో మిక్సింగ్ చేసి ఇచ్చినవి, ఒకదానికి తెల్లగా బూజు పట్టింది), వీడియో8 క్యాసెట్లు 6, మినీడీవీలు (చిన్న డిజిటల్ క్యాసెట్లు) 4. ఇవి కాక మేనమామగారు అమెరికా నుంచి పంపిన వీహెచ్ఎస్ ఒకటి, సూపర్8 (8 ఎంఎం ఫిల్ము) రీళ్ళు 3. అమెరికా క్యాసెట్ ఇక్కడి వీసీఆర్‌లో నలుపు తెలుపుగా, బొమ్మ పైకి దొర్లుతూ వస్తోంది.

ఊళ్ళో షాపులో ఇస్తే ఎంపీ4 చేసి పెన్‌డ్రైవ్‌లో ఇస్తామంటున్నారు. అది సినిమాకి సరిపోతుందా, లేక సొంతంగా కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవాలా? ఎడిటింగ్‌లో వీటిని ఎలా వాడాలి? పెళ్ళి క్యాసెట్ల మీద ఆద్యంతం సినిమా పాటలున్నాయి, వాటి సంగతేమిటి? నాన్న కెమెరాకి ఎక్కని సన్నివేశాలు మళ్ళీ తీసి కలపొచ్చా?

టేప్‌డెక్:

ముందు బూజు క్యాసెట్‌ని విడిగా తీసి పెట్టండి. “ఒక్కసారి చూద్దాం” అని కూడా వీసీఆర్‌లో పెట్టొద్దు. బూజు, టేపుని చదివే హెడ్లుండే డ్రమ్ముకి అంటుకుంటుంది, అక్కణ్ణుంచి తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌కీ పాకుతుంది. జిప్ కవర్లో సిలికా జెల్ పొట్లాలతో కొన్ని రోజులు ఉంచితే తడి పోయి బూజు పొడిగా మారుతుంది. ఆ తర్వాత ఆరుబయట, ఎన్95 మాస్కు పెట్టుకుని, డొల్ల అడుగున ఉన్న 5 స్క్రూలు విప్పండి. రీళ్ళ అంచుల మీది పొడిని మెత్తటి బ్రష్షుతో దులపండి. టేపుని నూగు రాలని బట్ట మధ్యనుంచి నెమ్మదిగా నడిపిస్తూ చుట్టి, రీళ్ళను శుభ్రమైన వేరే డొల్లలోకి మార్చండి. దాన్ని అన్నిటికన్నా చివర, పోయినా బాధ లేని వీసీఆర్‌లో ఎక్కించండి. టేపు తెగి ఉంటే ఇంట్లో ఉండే సెల్లోటేపు వేయొద్దు, ఆ జిగురు కారి హెడ్లకు పట్టేస్తుంది. స్ప్లైసింగ్ టేపే వాడాలి, అదీ వెనక వైపునే, రికార్డింగ్ ఉన్న వైపు కాదు.

షాపు ఎంపీ4 సరిపోదు. కారణం నాణ్యత ఒక్కటే కాదు. వీడియో టేపులో ఒక్కో ఫ్రేము రెండు ఫీల్డులుగా, అంటే సరి గీతలు విడిగా, బేసి గీతలు విడిగా ఉంటుంది (దీన్నే ఇంటర్‌లేస్ అంటారు). చాలామంది ఎక్కించేటప్పుడే రెంటినీ కలిపేసి డీఇంటర్‌లేస్ చేసేస్తారు, అంటే సెకనుకి 50 ఫీల్డుల్లో సగం పారేసినట్టే. ఖాళీగా, చెడిపోయినట్టుగా కనిపించే చోట్ల కోసేస్తారు కూడా. మీ సినిమాకి రెండోదే పెద్ద నష్టం. షాపుకే ఇవ్వాల్సి వస్తే మూడు మాటలు కాగితం మీద రాసివ్వండి: 720×576 ఇంటర్‌లేస్‌గానే ఉంచాలి, లాస్‌లెస్ (నాణ్యత తగ్గని) ఫైలు లేదా కనీసం డీవీ ఏవీఐ కావాలి, క్యాసెట్ మొదటినుంచి చివరిదాకా, నీలం తెర వచ్చినా, చుక్కలు వచ్చినా, ఒక్క సెకను కూడా కోయకూడదు.

సొంతంగా అయితే వరుస ఇదీ. ఎస్-వీడియో అవుట్‌పుట్ ఉన్న ఎస్-వీహెచ్ఎస్ వీసీఆర్ దొరికితే మేలు, దొరక్కపోతే పసుపు పిన్ను కాంపోజిట్‌తో కూడా పని జరుగుతుంది. వీసీఆర్‌కీ క్యాప్చర్ కార్డుకీ (సిగ్నల్‌ని కంప్యూటర్‌లోకి తెచ్చే పరికరం) మధ్య పాత పానసోనిక్ డీవీడీ రికార్డర్ (ఈఎస్10, ఈఎస్15 మోడళ్ళు) ఒకటి పెట్టి, సిగ్నల్‌ని దాని గుండా పంపండి. రికార్డ్ చేయడానికి కాదు. సాగిన టేపులో ఒక్కో గీత ఒక్కో చోట మొదలవుతుంది. ఈ రికార్డర్ గీతలన్నిటినీ వరసలో పెట్టి పంపుతుంది. అది లేకపోతే బొమ్మ పైభాగం జెండాలా వంగుతుంది, ఫ్రేములు జారిపోతాయి, గంట గడిచేసరికి పెదాలకీ మాటకీ పొంతన ఉండదు. క్యాప్చర్‌కి వర్చువల్‌డబ్2 సాఫ్ట్‌వేర్, కోడెక్ (ఫైలు కుదించే పద్ధతి) హఫ్‌వైయూవీ, ఇది లాస్‌లెస్. గంటకి 30–40 జీబీ పడుతుంది, కాబట్టి 9 క్యాసెట్లూ నిండుగా ఉంటే 27 గంటలు, ఒక టీబీ డిస్క్ అయిపోయినట్టే. నడుస్తున్నప్పుడు జారిన ఫ్రేములు, చొప్పించిన ఫ్రేములు అనే రెండు లెక్కలూ చూస్తుండండి. అవి పెరుగుతుంటే ఆపి, హెడ్లు తుడిచి మళ్ళీ మొదలుపెట్టండి. తుడవడానికి 99% ఐసోప్రొపైల్ ఆల్కహాల్, చమోయ్ తోలు పుల్ల. అడ్డంగా, డ్రమ్ము తిరిగే దిశలోనే తుడవాలి. పైకీ కిందికీ రుద్దినా, ఇయర్‌బడ్ దూది వాడినా హెడ్డు విరుగుతుంది.

పెళ్ళి క్యాసెట్లలో ఇంకో తిప్పలుంది. ఫోకస్ లైటు కింద తెల్ల పంచెలు, పట్టుచీరల జరీ అంచులు తెల్లగా తేలిపోతాయి. క్యాప్చర్‌కి ముందే ప్రాక్ ఆంప్‌లో (క్యాప్చర్ కార్డు వెలుగు, రంగు సెట్టింగులు) కాంట్రాస్ట్ తగ్గించి, హిస్టోగ్రామ్ (వెలుగు గ్రాఫు) కుడి గోడకి తగలకుండా చూసుకోండి. ఇక్కడ పోయిన వివరం తర్వాత ఏ గ్రేడింగ్‌లోనూ (రంగుల దిద్దుబాటు) తిరిగి రాదు.

వీడియో8కి పాత సోనీ డిజిటల్8 కెమెరా వెతకండి. వాటిలో చాలా మోడళ్ళు (అన్నీ కాదు, అడిగి కొనండి) వీడియో8నీ హై8నీ చదివి, ఫైర్‌వైర్ కేబుల్ మీద డీవీగా ఇస్తాయి. మినీడీవీ విషయంలో మీరు చేసేది క్యాప్చర్ కాదు, కాపీ. గంటకి 13 జీబీ. ఆ కాపీని అలాగే దాచండి. డీవీ ఫైలు లోపల ప్రతి షాట్ తీసిన తేదీ, సమయం నమోదై ఉంటాయి, ఎంపీ4గా మార్చిన మరుక్షణం అవి పోతాయి. చదరపు గళ్ళు కనిపించిన చోట మూడు నాలుగుసార్లు కాపీ తీసి, ఏ కాపీలో ఏ ముక్క బాగుంటే అది అతికించుకోండి. ఎల్‌పీ మోడ్‌లో (టేపు నెమ్మదిగా నడిచి ఎక్కువసేపు వచ్చేది) తీసిన క్యాసెట్ వేరే కెమెరాలో మొరాయిస్తుంటే, తీసిన కెమెరానే బాగు చేయించడం మేలు.

అమెరికా క్యాసెట్ పాడవలేదు. అది అమెరికా టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ, సెకనుకి 29.97 ఫ్రేములు. మనది పాల్, 25. ఇక్కడి చాలా వీసీఆర్లు దాన్ని పాల్-60 అనే సంకర సిగ్నల్‌గా మార్చి టీవీకి పంపుతాయి. టీవీ ఎలాగో సర్దుకుంటుంది, క్యాప్చర్ కార్డు సర్దుకోదు. అచ్చమైన ఎన్‌టీఎస్‌సీ 3.58 ఇచ్చే మల్టీసిస్టమ్ వీసీఆర్ కావాలి, కార్డుని కూడా ఎన్‌టీఎస్‌సీకి మార్చి 720×480లో ఎక్కించాలి.

ఎనిమిదిఎంఎం:

సూపర్8 వరకు నేను చెబుతాను. ప్రొజెక్టర్ దొరికినా రీళ్ళు అందులో నడపొద్దు. ముందు వాసన చూడండి. వెనిగర్ ఘాటు వస్తుంటే ఫిల్ము కుంచించుకుపోవడం మొదలైందని లెక్క. అలాంటిదాన్ని పళ్ళచక్రాలున్న యంత్రంలో పెడితే రంధ్రాలు చిరుగుతాయి. పళ్ళచక్రం లేని, ఫ్రేము ఫ్రేముగా తీసే స్కానర్ ఉన్న చోటికే ఇవ్వండి, ఇచ్చే ముందు ఈ ప్రశ్న అడగండి. గోడ మీద బొమ్మ వేసి దాన్ని కెమెరాతో తీసిన “ట్రాన్స్‌ఫర్” వద్దు. మిణుకుమిణుకుమంటుంది, మధ్యలో వెలుగు, అంచుల్లో చీకటి.

50 అడుగుల చిన్న రీలులో 3,600 ఫ్రేములుంటాయి. సెకనుకి 18 చొప్పున 3 నిమిషాల 20 సెకన్లు. అదే ఫైలుని ఏమీ ఆలోచించకుండా 25 ఫ్రేముల ఎడిటింగ్ టైమ్‌లైన్‌లో పడేస్తే 2 నిమిషాల 24 సెకన్లకే అయిపోతుంది, మనుషులు మూకీ హాస్యంలోలా గబగబా నడుస్తారు. మార్గం ఏమిటంటే ప్రతి మూడు ఫ్రేముల్లో ఒకదాన్ని రెండుసార్లు వేసి 24కి తేవడం, ఆ 24ని 25గా నడపడం. 4% వేగం పెరుగుతుంది, కంటికి తెలియదు. సాఫ్ట్‌వేర్ మధ్య ఫ్రేములు పుట్టించే పద్ధతి వాడొద్దు, ఊగుతున్న చేతుల చుట్టూ జిగురు సాగినట్టుంటుంది. ఫిల్ము అంచున గోధుమరంగు పట్టీ ఉంటే అందులో శబ్దం ఉంది. బొమ్మకంటే 18 ఫ్రేములు ముందుగా ఉంటుంది కాబట్టి, స్కాన్ చేసేవారికి ముందే చెప్పాలి. చెప్పకపోతే మూగ ఫైలే ఇస్తారు.

కత్తెర:

ఎడిటింగ్ గురించి. టేప్‌డెక్ గారు “ఒక్క సెకను కూడా కోయకూడదు” అన్నారే, నా దృష్టిలో ఈ చర్చలో అసలు మాట అదే. ఇంటి వీడియో అంటే తీసినవాడు దాచుకోదలచినది: పుట్టినరోజులు, పండగలు, కొత్త బండికి నిమ్మకాయలు. వాటిని వాయిస్‌ఓవర్ కింద వరసగా పేర్చితే ఎవరి ఇల్లైనా ఒకేలా ఉంటుంది. పనికొచ్చేది నవ్వమన్నాక నవ్వే ముందు రెండు సెకన్లు, ఆపామనుకుని కెమెరా కిందికి దించాక నడుస్తూనే ఉన్న ఇరవై సెకన్లు, కెమెరా వెనకనుంచి “అటు జరుగు” అన్న గొంతు. మీ విషయానికైతే ఆ గొంతే నాయకుడు. నాన్నగారు ఫ్రేములో కనిపించకపోవచ్చు కానీ ఆయన మాట, ఊపిరి, జూమ్ ఎటు పోతోందన్నది, ముగ్గురిలో ఎవరి మీద ఎంతసేపు ఆగుతోందన్నది, అన్నీ టేపులోనే ఉన్నాయి.

అందుకని లాగ్ షీటులో మామూలు గడులతో (క్యాసెట్ నంబరు, టైమ్‌కోడ్, ఎవరున్నారు, ఎక్కడ) పాటు మూడు గడులు అదనంగా పెట్టండి: తీస్తున్నదెవరు, కెమెరా వెనక ఏమి వినిపిస్తోంది, షాట్ ఎందుకు ఆగింది. గంట ఫుటేజీకి రెండు మూడు గంటల లాగింగ్ పడుతుంది, తప్పదు. కనిపించనివాళ్ళని కూడా రాసుకోండి. రెండు పెళ్ళిళ్ళ క్యాసెట్లలో జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు ఉంటాయి. వంటశాల ఎన్ని సెకన్లుందో లెక్కపెట్టి చూడండి.

మూలన ఉన్న తేదీని నమ్మొద్దు. గడియారం బ్యాటరీ అయిపోయిన కెమెరా తయారీవాడు పెట్టిన ఏదో జనవరి 1 దగ్గర మొదలై లెక్కపెట్టుకుంటూ పోతుంది. గోడ క్యాలెండరు, టీవీలో వస్తున్న కార్యక్రమం, పిల్లల పళ్ళు, వీటితో సరిచూసుకోండి. అయితే ఆ అంకెల్ని కత్తిరించొద్దు, బ్లర్ చేయొద్దు. తప్పు తేదీ కూడా ఆ ఇంటిదే.

సాంకేతికంగా నాలుగు మాటలు. ఎక్కించడం అయ్యాక, డీఇంటర్‌లేస్‌కి క్యూటీజీఎంసీ అనే స్క్రిప్టు వాడి 50 ఫ్రేముల ఫైలు తీయండి, 25 కాదు. 25 టైమ్‌లైన్‌లో దాన్ని సగం వేగంతో నడిపితే ప్రతి ఫ్రేమూ నిజంగా తీసినదే, కాబట్టి అసలైన స్లో మోషన్ వస్తుంది. అంతకన్నా నెమ్మది చేయకండి. ఫీల్డ్ వరస తప్పితే కదలిక ముందుకు రెండడుగులు, వెనక్కి ఒకడుగు వేసినట్టు వణుకుతుంది. మీ అనలాగ్ (వీహెచ్ఎస్) క్యాప్చర్ సాధారణంగా పై ఫీల్డు ముందు, డీవీ కింది ఫీల్డు ముందు. రెండూ ఒకే ప్రీసెట్‌తో నడపడమే అందరూ చేసే తప్పు. వీహెచ్ఎస్ అడుగున 8–12 గీతల్లో కనిపించే చిరుగు పాత టీవీ అంచు వెనక దాగి ఉండేది, దాన్ని కోసేయొచ్చు. అంతకు మించి కోయకండి. పాత టీవీ 4:3 ఆకారాన్ని తెర నిండా నేటి 16:9కి పెంచితే ఎత్తులో పావువంతు పోతుంది, అంటే నెత్తి మీది పూలో, కాళ్ళ పారాణో. 1440×1080గా పెట్టి అటూ ఇటూ నల్లగా వదిలేయండి.

శబ్దం: 50, 100, 150 హెర్ట్‌జ్ దగ్గర కరెంటు గుయ్యిమనడాన్ని తీసేయండి. సీలింగ్ ఫ్యాను చప్పుడు మాత్రం ఉంచండి, నాయిస్ రిడక్షన్ గట్టిగా వేస్తే మనుషులు నీళ్ళ డ్రమ్ములోంచి మాట్లాడినట్టుంటారు.

అమ్మగారినీ అక్కచెల్లెళ్ళనీ కూర్చోబెట్టి టేపు చూపిస్తూ రికార్డ్ చేసే ఆలోచన ఉంటే, మొదటిసారి చూసేటప్పుడే చేయండి. రెండోసారికి ఆ మాటలు రావు. ఒక్కొక్కరికి ఒక కాలర్ మైకు. టేపు శబ్దాన్ని స్పీకర్లో పెట్టకండి, మైకుల్లోకి ఎక్కిందంటే ఏ మాటనీ విడిగా కోయలేరు. అందరికీ ఒక్కో చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టి, రెండో చెవి వదిలేయండి. టేపు మొదలయ్యే క్షణంలో ఒకసారి చప్పట్లు కొడితే తర్వాత జతపరచడం తేలిక. ఆ గంటసేపు మీరు ప్రశ్నలు అడగొద్దు.

మళ్ళీ తీయడం గురించి: తీయొచ్చు, పెద్దవాళ్ళే తీశారు. మిషెల్ సిట్రన్ ‘డాటర్ రైట్’లో అక్కచెల్లెళ్ళుగా కనిపించినవాళ్ళు నటులు. సారా పాలీ 2012లో ‘స్టోరీస్ వీ టెల్’లో అసలు ఇంటి ఫిల్ములతో పాటు నటులతో సూపర్8 మీద తీసినవీ కలిపింది. రెండిట్లోనూ ప్రేక్షకుడికి చివరికి సంగతి తెలుస్తుంది. తెలియనివ్వకపోతే, ఒక్క షాట్ మీద అనుమానం వచ్చినా మీ అసలు ఫుటేజీ మొత్తం మీద నమ్మకం పోతుంది. ఫోన్‌లో తీసి వీహెచ్ఎస్ ఫిల్టర్ వేస్తే ఎడిటర్ కన్ను ఇట్టే పట్టేస్తుంది. రంగు కుదురుతుంది, కదలిక కుదరదు, ఎందుకంటే పాతది సెకనుకి 50 ఫీల్డులు. పాత వీడియో8 కెమెరాతోనే తీయండి, ఎలాగూ టేపుల కోసం సామాను సమకూర్చుకుంటున్నారు కదా.

మొదటిరీలు:

అందరికీ ధన్యవాదాలండీ, ముఖ్యంగా ఇయర్‌ఫోన్ సంగతి అస్సలు తట్టలేదు. రెండు సందేహాలు మిగిలాయి. పెళ్ళి క్యాసెట్లలో పాట కింద అసలు శబ్దమే లేదు, పూర్తిగా పాటే. హక్కులు ఎలా? రెండోది, ఏఐతో 4కేకి పెంచితే ఫెస్టివల్ తెర మీద బాగుంటుందని ఒకరు గట్టిగా చెబుతున్నారు.

హక్కులు_పద్దులు:

పాటతో మొదలుపెడదాం. పెళ్ళి వీడియోలో వినిపించినా, అది ఆ పాటను మీ సినిమాలో వాడుకోవడమే. సౌండ్ రికార్డింగ్ హక్కు మ్యూజిక్ కంపెనీది, సాహిత్యం, స్వరం విడి హక్కులు. అన్నిటికీ అనుమతి కావాలి. “నేపథ్యంలో యాదృచ్ఛికంగా వచ్చింది” అనే వాదన ఇక్కడ చెల్లదు. కాపీరైట్ చట్టం 52(1)(యు) ఆ వెసులుబాటు ఇచ్చేది చిత్రకళ, ఫోటో వంటి కళాకృతులకు మాత్రమే. అంటే గోడ మీది దేవుడి పటం పరవాలేదు, పాటకి వర్తించదు. సౌండ్ రికార్డింగ్‌కి విడుదలైన మరుసటి ఏడాది మొదలు నుంచి 60 ఏళ్ళు లెక్క. అది తీరినా రచయిత, సంగీత దర్శకుల హక్కు వాళ్ళు పోయాక ఇంకో 60 ఏళ్ళుంటుంది కాబట్టి పాత పాటే కదా అని తొందరపడొద్దు.

అనుమతి ఖర్చు వద్దనుకుంటే ముందు ఆ స్టూడియో ఇంకా ఉందేమో కనుక్కోండి. ఇంటికిచ్చింది మిక్సింగ్ కాపీ. మాస్టర్ క్యాసెట్లు మిగిలి ఉంటే వాటిలో బాజాలు, పురోహితుడి గొంతు, పక్కవాళ్ళ మాటలు ఉంటాయి, బొమ్మ కూడా ఒక తరం మెరుగు. లేకపోతే పాట తీసేసి, కత్తెర గారు చెప్పిన రికార్డింగ్‌లోంచి అమ్మగారి మాటలు ఆ బొమ్మ మీద వేయండి.

పెళ్ళి వీడియో బొమ్మ హక్కు ఎవరిది? సెక్షన్ 17(బి) ప్రకారం డబ్బిచ్చి తీయించుకున్నవారిది, వేరే ఒప్పందం లేనంతవరకు. సాధారణంగా అప్పట్లో ఎవరూ రాసుకోలేదు. ఎందుకైనా మంచిది, స్టూడియో వాళ్ళు దొరికితే ఒక కాగితం తీసుకోండి.

నాన్నగారు తీసినవి మాత్రం మీ ఒక్కరివి కావు. వీలునామా లేకపోతే ఆయన హక్కు వారసులందరికీ వస్తుంది. హిందూ వారసత్వ చట్టం 1956 ప్రకారం మొదటి తరగతిలో భార్య, పిల్లలతో పాటు ఆయన తల్లి కూడా ఉంటారు. నానమ్మగారు ఉన్నట్లయితే ఆవిడ సంతకం మర్చిపోకండి. అందరి నుంచీ ఒక పేజీ ఎన్ఓసీ, తెలుగులోనే, వాళ్ళు చదువుకోగలిగేలా రాయించండి. ఫ్రేములో గుర్తుపట్టగలిగే బంధువులకు విడి పత్రం. అప్పటి చంటిపిల్లలు ఇప్పుడు పెద్దవాళ్ళు, స్నానం చేయిస్తున్న షాట్ లాంటివి ఉంటే వాళ్ళని అడక్కుండా వాడొద్దు. ఇవన్నీ పిక్చర్ లాక్‌కి (ఎడిటింగ్ ఖాయం చేయడానికి) ముందే చేయండి. లాక్ అయ్యాక ఒక్కరు కాదన్నా మొత్తం మళ్ళీ కదపాలి.

టేప్‌డెక్:

ఏఐ సంగతి. వీహెచ్ఎస్‌లో అడ్డంగా సుమారు 240 గీతల వివరమే ఉంటుంది. గుంపు ఫోటోలో ఒక ముఖానికి వచ్చేది పది పన్నెండు పిక్సెళ్ళు. దాన్ని 4కే చేయమంటే ఆ సాఫ్ట్‌వేర్ కళ్ళూ పళ్ళూ తన దగ్గరున్నవి అతికిస్తుంది. యాడ్ ఫిల్ముకి పరవాలేదేమో, మీ సినిమాలో మీ నానమ్మకి ఇంకెవరి కళ్ళో వస్తాయి. మామూలు రీసైజ్‌తో 1080 చేసి, డీసీపీ (థియేటర్లో ఆడించే ఫైలు) అక్కణ్ణుంచి చేయించండి.

కత్తెర:

ఏఐ మీద నాదీ అదే మాట. కాకపోతే పేరో ఊరో చదవాల్సిన బోర్డు ఉంటే, చదవడానికి మాత్రమే పక్కన వాడుకోవచ్చు, సినిమాలోకి తేకుండా.

ఇంకొకటి, లాగ్ చేసేటప్పుడు ప్రతి క్యాసెట్ చివర దాకా చూడండి. చాలా ఇళ్ళలో పాత క్యాసెట్ మీదే మళ్ళీ రికార్డ్ చేసేవారు. కొత్తది అయిపోయిన చోట తెర ఒక్కసారి దొర్లి, అడుగున ఉన్న పాతది బయటపడుతుంది: ఏ సీరియలో, క్రికెట్ మ్యాచో, ఒక్కోసారి లేబుల్ మీద లేని మనిషో. ఆ అతుకు దగ్గర అటూ ఇటూ పది సెకన్లు విడి క్లిప్పుగా గుర్తు పెట్టుకోండి.